నీడ లేని పిల్లకు ముప్పై మంది

వేరుశనగ ముద్ద ఇంకా నూనె విడవలేదు. పెద్ద చెక్క గిన్నెలో దాన్ని అరచేతులతో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కుతున్నాను. మధ్యమధ్య వేడినీళ్ళు రెండు చుక్కలు చిలకరించాలి. నీళ్ళు ఎక్కువ పడితే ముద్ద బంకలా అయిపోతుంది. తర్వాత దాన్ని చుట్టలు చేసి ఎంత సేపు వేయించినా కులికులి కరకరలాడదు. అమ్మ నాకెదురుగా పొయ్యి దగ్గర కూర్చుని నిన్నటి నూనెను మూకుడులో పోస్తోంది. నా చేతుల్నే చూస్తోంది. ముఖం వైపు చూడటం లేదు.

"బరేవా, నీళ్ళెక్కువయ్యాయని ఆ పిల్లతో చెప్పు," అంది అమ్మ.

బరేవా మా మేక. గోడవార గుంజకు కట్టేసి ఉంటుంది. ఒక చెవి చిరిగింది. చిన్నప్పుడు జింకలా గెంతేదని అమ్మే దానికి ఆ పేరు పెట్టింది. అది నెమరువేస్తూ నా వైపు చూసింది. నేను నీళ్ళ చెంబు పక్కకు జరిపాను.

చెల్లెలు తబావా ఇంట్లో ఉంటే అమ్మ దానితో చెప్పిస్తుంది. "తబావా, నా తల్లీ, ఆ పిల్లను ఇటు రమ్మను," అంటుంది. అది లేకపోతే మేకతో చెబుతుంది. నేను తొలిచూలు బిడ్డను. మా హౌసా వాళ్ళలో తల్లి తొలి బిడ్డను పేరు పెట్టి పిలవదు, నలుగురిలో దగ్గరికి తీయదు. తీస్తే సిగ్గులేనిది అంటారు. ఎవరూ చూడనప్పుడు చాలామంది తల్లులు కాస్త సడలిస్తారు. మా అమ్మ అసాబే సడలించే మనిషి కాదు. పాలు మాన్పించిన నెలలోనే నన్ను నాన్న అక్క చేతిలో పెట్టేసింది. పెద్దత్త ఊళ్ళో పెరిగాను, ఆ ఊరి బడిలోనే చదువుకున్నాను. మూడేళ్ళ కిందట ఫుంతువాలోని ఈ ఇంటికి వచ్చాను. నా పేరు సలామతు. వీధిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం నమాజులోగా నాకు ఇంకా ముగ్గురు కావాలి.

మా వీధి చివర మలామా రకియా అని ఒకావిడ ఉంది. ఆవిడ ఫోనులో ఒక గ్రూపు నడుపుతుంది. ఆడవాళ్ళు రాసిన నవలలు రోజుకు రెండు పేజీలు అందులో పెడుతుంది. చదవడం రానివాళ్ళ కోసం తన గొంతుతో చదివి కూడా పంపుతుంది. నా నవల ఆవిడకు నచ్చింది. కానీ ఒక షరతు పెట్టింది. "జిన్నుల కథలు ఎవరడుగుతున్నారే? నీ వాడలోనే ముప్పై మంది ఫోను నంబర్లు పట్టుకురా. శుక్రవారం పొద్దుగూకేలోపల తెస్తే శనివారం మొదటి పేజీ పెడతాను. లేదంటే వరసలో ఉన్న ఇంకో అమ్మాయిది మొదలుపెడతాను. దాంట్లో డాక్టరు పెళ్ళికొడుకున్నాడు," అంది. రెండు వారాలు ఇల్లిల్లూ తిరిగి ఇరవై ఏడు నంబర్లు రాసుకున్నాను. ఆ నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది, నూనె అంటకుండా గుడ్డలో చుట్టి.

వసారాలో నాన్న రెండో భార్య దెలు పిన్ని చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. జడలల్లే తాని ఆమె వెనక కూర్చుని పాయలు తీస్తోంది. దెలు నాకంటే రెండేళ్ళు పెద్దది, అంతే. ఒళ్ళో మూడు నెలల తొలిచూలు కొడుకు పాలు తాగుతున్నాడు. పక్కింటి మైరో తను అమ్ముకునే బట్టల మూట పక్కన పెట్టుకుని కోలా గింజ నములుతోంది. మా పెద్దత్త పసివాణ్ణి చూడ్డానికి ఊరి నుంచి వచ్చి వారమైంది. గోడకానుకుని తస్బీ పూసలు తిప్పుతోంది.

"రచయిత్రిగారు పిండి పిసుకుతున్నారర్రా. సిరా అయిపోయిందేమో, నూనెతో రాస్తుంది కాబోలు," అంది దెలు.

తాని పళ్ళ మధ్య దువ్వెన పెట్టుకునే నవ్వింది.

"ముగ్గురు తక్కువయ్యారటగా?" అంది మైరో. "రావే సలామతూ, మా ముగ్గురికీ చెప్పు. నచ్చితే ఇస్తాం నంబరు, లేకపోతే ఆ పిండి ముఖాన రాసుకుందువుగాని."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ముద్దను గిన్నె అంచుకు ఆనించి చేతులు తుడుచుకుని వసారా మెట్టు దగ్గర కూర్చున్నాను. ఎలా చెప్పాలో మలామా నేర్పింది. కొంచెం చెప్పు, తర్వాతేమైంది అని అడిగేదాకా ఆగు, అడగ్గానే నోటుబుక్కు తియ్యి, ముగింపు మాత్రం చచ్చినా చెప్పకు అంది. పిండి పిసికేటప్పుడల్లా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను.

"ఒక రాతికోట ఉంటుంది," అన్నాను. "ఆ కోటలో ఏ ఆడదైనా తొలిసారి బిడ్డను కంటే ఏడో రోజున ఆమెకొక ఇత్తడి తాళం ఇస్తారు. బిడ్డ పేరును ఆ తాళంలోకి ఊది, బిగించి, కోట నడిమధ్య ఉన్న బావిలో పడేయాలి. ఆ తర్వాత ఆ పేరు తల్లి నోటికి రాదు. పేరు బావిలో పడ్డ పిల్లలకు నీడ ఉండదు."

"నీడ లేకపోతే ఏం పోయింది?" అంది మైరో. "నాకుందిగా ఇంత నీడ. ఏ రోజైనా ఒక బిందె నీళ్ళు మోసి పెట్టిందా?"

"నీడ లేనివాళ్ళను ఆ కోటలో ఎవరూ మనిషి కింద జమకట్టరు. గుమ్మంలో నిలబడినా అక్కడెవరూ లేరనుకుని తలుపు వేసేస్తారు."

"ప్రేముందా?" అంది తాని.

"లేదు."

"సవతుల పోరు?"

"లేదు."

"పోనీ కొత్త కారున్న మొగుడు?"

"లేడు."

"మరేముందే నీ మొహానికి?"

"బావి ఉంది," అన్నాను.

ముగ్గురూ విరగబడి నవ్వారు. దెలు ఒళ్ళో పసివాడు ఉలిక్కిపడి రొమ్ము వదిలేసి ఏడ్చాడు. "ఓరి అబ్బాయ్, ఊరుకో. బావి కథ చెబుతోంది మీ అక్క, నిద్రపో," అంది దెలు.

నవ్వనిచ్చి మళ్ళీ చెప్పాను. బావి అడుగున ఒక నీళ్ళ ముసలమ్మ ఉంటుంది. జిన్నుల ఆడది. పడిన ప్రతి తాళాన్నీ తన జుట్టులో పట్టుకుంటుంది. ఏడు దువ్వెనలతో దువ్వి, తాళాలు విప్పి, లోపలి పేర్లను సొరకాయ బుర్రల్లో పోసి మూతలు బిగిస్తుంది. ఒక్కో బుర్రకు చెవి ఆనిస్తే ఒక్కో తల్లి గొంతు వినిపిస్తుంది. నీడ లేని పిల్ల ఒకతి తన బుర్రను తెచ్చుకోవడానికి ఆ బావిలోకి దిగుతుంది.

"తౌబా, తౌబా!" అంది పెద్దత్త. "నిన్ను బడికి పంపింది ఇందుకా? జిన్నుల్ని దువ్వించడానికా?"

తాని చేతులు మాత్రం ఆగాయి. "తాడు కట్టుకుని దిగుతుందా, మెట్లున్నాయా?" అని అడిగింది.

"తల్లి కట్టుకునే గుడ్డల్ని ముళ్ళు వేసుకుంటూ దిగుతుంది. పన్నెండు గుడ్డలు. పన్నెండోది అందదు."

"తర్వాత?"

నేను గుడ్డ విప్పి నోటుబుక్కు తీశాను. తాని నా వైపు చూసి, "అబ్బో, టక్కరిదానివే!" అని తిడుతూ నంబరు చెప్పింది. ఇరవై ఎనిమిది. మైరో మూట మీద గుద్ది, "నా కోడళ్ళు ఎప్పుడూ ఫోనుల్లోనే తలలు పెట్టుకుంటారు. నేనేం తక్కువ?" అని తనదీ చెప్పింది. ఇరవై తొమ్మిది.

దెలు పెదవి విరిచింది. "నాకు నచ్చలేదు. ఆ తల్లి ఎలాంటిదో చెప్పలేదు నువ్వు. ఊరికే తాళం పడేసి కూర్చుంటుందా? మనిషేనా అది?"

"గట్టి మనిషి," అన్నాను. మలామా నేర్పినదంతా ఇక్కడ అయిపోయింది. ఒక్క నంబరు కోసం తొందరలో నోటికొచ్చింది చెప్పాను. "పొద్దున లేస్తే పనే. కూతురితో ఏదైనా చెప్పాల్సి వస్తే ఎదురుగా ఉన్నా చెప్పదు. పెరట్లో ఉన్న మేకతో చెబుతుంది."

తాని దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది. మైరో నమలడం మానేసింది. ముగ్గురూ గుంజ దగ్గరున్న బరేవాను చూశారు, తర్వాత పొయ్యి దగ్గరున్న అమ్మను.

రెండేళ్ళు ఆ కోటను కట్టాను. ఫుంతువాలో లేని రాయి, లేని బావి, లేని తాళం తెచ్చి పెట్టాను. ఒక్క మేకను మాత్రం మా పెరట్లోంచి తోలుకుపోయాను.

"నీ పుస్తకంలో ఆ మేకకు పేరుందా?" అని మెల్లగా అడిగింది దెలు.

నేను నోటుబుక్కు మూశాను.

"నిన్నేనే, ఉందా లేదా?"

"ఉంది."

దెలు చప్పట్లు కొట్టింది. "మేకకు పేరుంది! కూతురికి లేదు! అల్లా, ఇన్నాళ్ళు ఈ ఇంట్లో ఉండి నేను చెప్పలేనిది ఈ పిల్ల పుస్తకంలో రాసింది! రాసుకో సలామతూ, రాసుకో నా నంబరు. ముప్పయ్యో దాన్ని నేనే. రేపట్నుంచి పెద్దక్క సంగతి వీధి వీధంతా ఫోనులో వింటుంది. పెద్దక్కా! విన్నావా? నీ కూతురు నిన్ను కోటలో కూర్చోబెట్టింది!"

ఆమె అంకెలు గట్టిగా, ఒక్కొక్కటీ విడదీసి చెప్పింది. నేను రాశాను. రాస్తుంటే నా చేతి నూనె కాగితానికి అంటింది. ముప్పై అయ్యాయి. ఇంత కష్టపడింది ఇందుకేనా అనిపించింది. కానీ కొట్టేయలేదు. కొట్టేయాలని కూడా అనిపించలేదు. అది నిజం.

"ఇప్పటికైనా వెనక్కి తీసుకో ఆ మాటలు," అంది పెద్దత్త నాతో. తస్బీ ఆగింది. "నిన్ను పెంచింది నేను. అన్నం పెట్టింది నేను. మా ఆచారాన్ని నలుగురిలో పెట్టి నవ్విస్తావా? ఇది బయటికి పోయిందంటే నా ఊరు రాకు, నా గడప తొక్కకు."

అమ్మ లేచింది. చేతిలో చిల్లుల గరిటె ఉంది, నూనె కారుతోంది. నిదానంగా వసారా దగ్గరికొచ్చి నిలబడింది. నన్ను దాటి దెలును చూసింది.

"దెలూ, నీ కొడుకు పేరేంటి?"

దెలు నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "అదేం ప్రశ్న అక్కా? పేరు పెట్టిన రోజు నువ్వూ ఉన్నావుగా. పొట్టేలు మాంసం వండింది నువ్వేగా."

"నాకు మతిమరుపొచ్చింది. చెప్పు."

"అందరికీ తెలుసు."

"అందరూ చెబుతారు. నువ్వు చెప్పు. మూడు నెలలైంది, ఒక్కసారైనా అన్నావా? అబ్బాయ్ అంటావు, ఓయ్ అంటావు, వీడు అంటావు. ఇందాక కూడా అన్నావు. మనిషివేగా? చెప్పు."

దెలు నోరు తెరిచింది. పెద్దత్త వైపు చూసింది. మైరో తన మూట ముడి సరిచేసుకుంది.

"చెప్పదు," అంది పెద్దత్త. "మంచి ఇంటి పిల్ల. సిగ్గు తెలిసిన పిల్ల. పాలు మానగానే వాణ్ణి నేను ఊరికి తీసుకుపోతాను, తమ్ముడితో అప్పుడే మాట అయిపోయింది. దీన్ని పెంచినట్టే పెంచుతాను." గడ్డంతో నన్ను చూపించింది.

ఆ మాట అంతకుముందు దెలుకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె నా వైపు తిరిగింది. తలనుంచి కాళ్ళదాకా చూసి, నా కాళ్ళ పక్కన నేల మీద చూసింది. నాకు నీడ పడుతోందో లేదో చూస్తున్నట్టు.

"నా నంబరు కొట్టెయ్," అంది.

"పిన్నీ..."

"కొట్టెయ్యవే! పిచ్చి రాతలు. ఎవరి పిల్లల మీద రాస్తున్నావు నువ్వు?" సగం అల్లిన జడతోనే లేచి, కొడుకును భుజాన వేసుకుని గదిలోకి పోయింది. తెర దిగిపోయింది. తాని చేతిలో దువ్వెన పట్టుకుని ఖాళీ చాపకేసి చూస్తూ కూర్చుంది.

నేను ఆ అంకెల మీద గీత కొట్టాను. మైరో వైపు చూశాను.

"నేను తియ్యనమ్మా," అంది మైరో. "గొడవున్నచోట నేనుండాలి. కానీ ఇంకోదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది? పొద్దు వాలిపోయింది."

గోడ నీడ అప్పటికే బరేవా దాకా వచ్చేసింది. మసీదు మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకొంచెంసేపట్లో అజాన్ ఇస్తారు. ఇరవై తొమ్మిది.

అమ్మ పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్ళింది. వేగిన కులికులి చుట్టల్ని గరిటెతో తీసి బుట్టలో వేసింది. మాడిన రెండింటిని మేకకు విసిరింది.

"బరేవా, ఆ తల్లి చివరికి ఏం చేస్తుందో ఆ పిల్లను అడుగు."

ముగింపు చెప్పకూడదు. చెబితే ఎవరూ చదవరు. కానీ ఈ మూడేళ్ళలో అమ్మ నా గురించి పని కాని మాట అడగడం అదే మొదలు.

మేకకే చెప్పాను. "పిల్ల బుర్ర తెచ్చుకుంటుంది. తల్లి ఎదురుగా తెరిస్తేనే దాంట్లోంచి గొంతు బయటికొస్తుంది. తెరిస్తే కోటంతా వింటుంది, తల్లికి తలవంపులు. అందుకని పిల్ల తెరవదు. బుర్ర తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పెట్టి, వెళ్ళి బయట నిలబడుతుంది."

"తల్లి తెరుస్తుందా?" అంది తాని.

"అక్కడితో అయిపోతుంది."

"ఇదేం ముగింపే!" అని కేకేసింది మైరో. "ఇంత చేసి బావిలో దించి, చివరికి బయట నిలబెడతావా? నీ చేతికి డాక్టరు పెళ్ళికొడుకే కరెక్టు!"

అమ్మ నవ్వలేదు. "బరేవా, ఆ తల్లి ఏం చేసిందో ఆ పిల్ల రాసింది. ఎందుకు చేసిందో రాసిందా?"

నేను ఆలోచించాను. రెండు వందల పేజీల్లో అది లేదు.

"లేదు," అన్నాను.

"రొమ్ముకు వేపరసం పూసుకుని ఆ తల్లి ఎన్ని రోజులు గోడ వైపు తిరిగి పడుకుందో రాసిందా?"

"లేదు."

"తెలియనిది తెలిసినట్టు రాస్తే అబద్ధమంటారని చెప్పు. మూడేళ్ళుగా నా పొయ్యి దగ్గర కూర్చుని నన్ను దొంగచాటుగా చూసి, నా మేకను తీసుకుపోయి పుస్తకంలో కట్టేసింది. ఇంకేమేం కట్టేసిందో నేను వినాలి. రోజూ వింటాను. ఒక్క అబద్ధం దొరికినా ఆ నోటుబుక్కు ఈ పొయ్యిలోనే పెడతానని చెప్పు." గరిటెను మూకుడు అంచుకు కొట్టింది. "నంబరు చెబుతున్నాను. రాసుకోమను."

"అసాబే!" అంది పెద్దత్త. గోడ నుంచి వీపు ఎత్తింది.

అమ్మ తల తిప్పలేదు. "నేను మేకతో మాట్లాడుతున్నాను వదినా."

పెద్దత్త మళ్ళీ గోడకానుకుంది. మేకతో మాట్లాడకూడదని ఏ ఆచారంలోనూ లేదు.

"సున్నా," అంది అమ్మ బరేవాతో. "ఎనిమిది. సున్నా." మేక మాడిన కులికులి కొరుకుతూ ఆమెను చూస్తోంది. అమ్మకు అంకెలు వరసగా గుర్తుండవు. అయిదో అంకె దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టింది. నేను కొట్టేసిన గీత కింద ఒక్కొక్కటీ రాశాను. చివరి అంకె చెప్పాక, "వినపడిందో లేదో మళ్ళీ చదవమను," అంది. చదివాను. సరిగ్గానే ఉందని అమ్మ తల ఊపింది, మేకకు.

పేరు రాయాల్సిన చోట నా పెన్ను ఆగింది. నేను కూడా అమ్మ పేరు ఎప్పుడూ పలకలేదు. రాయడానికి ఏమీ అడ్డం లేదు. రాశాను.

చేతులు కడుక్కుని, హిజాబు వేసుకుని, నోటుబుక్కు దాని కింద పెట్టుకున్నాను. వసారా మీదుగా వెళుతుంటే పెద్దత్త కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది, నా గుడ్డ తగలకుండా. దెలు గది తెర దగ్గర నా నడక తనంతట తనే నెమ్మదించింది. తెర వెనక ఆమె ఎవరితోనో గుసగుసగా ఏదో అంటోంది. ఒకే చిన్న మాట, ఆగి మళ్ళీ అదే మాట. లోపల ఆ పసివాడు తప్ప ఎవరూ లేరు.

అజాన్ మొదలైంది. వెనక అమ్మ, "బరేవా, ముద్ద సగంలో వదిలేసిందని చెప్పు. తొందరగా రమ్మను," అంది.

నేను గడప దాటాను.